సిగ్నల్‌ లేదా? చూస్తూ మాట్లాడుకుందాం!

ఫోన్‌ తెర పైమూలన ‘నో సర్వీస్‌’ అని ఉంటుంది. సిగ్నల్‌ గీత ఒక్కటీ ఉండదు. అయినా డాలస్‌లోని మనవడు తెర మీద కొత్త బూట్లు చూపిస్తుంటాడు. జగిత్యాలలో నానమ్మ ‘ఫోన్‌ జర మొకం దిక్కు పెట్టు బిడ్డా’ అని మురిసిపోతుంటుంది. టవరు అందని చోట కూడా వైఫై ఉంటే చాలు, ముఖాముఖి మాట్లాడుకోవచ్చు. అదెలా సాధ్యమవుతోంది? దారిలో ఇంకా ఏ అడ్డంకులు మిగిలాయి? వాటిని తీసేదెలా? ఈ వారం ముఖచిత్ర కథనం.

టవరు ఊళ్లో... సిగ్నల్‌ గడప బయట

ఊరి చివర టవరు కనిపిస్తూనే ఉంటుంది. వీధిలో నిలబడితే ఫోన్‌ మీద నాలుగు గీతలు. గడప దాటి లోపలి గదిలోకి వెళ్తే ఒక్కటీ మిగలదు. ‘హలో... హలో... వినిపిస్తోందా’ అంటూ డాబా మెట్లెక్కడం, కిటికీ ఊచలకు ఫోన్‌ ఆనించి స్పీకర్‌ పెట్టుకోవడం చాలా ఇళ్లలో అలవాటైపోయింది. ఇందులో ఫోన్‌ తప్పేమీ లేదు. చాలాసార్లు టవరు తప్పూ ఉండదు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడలను దాటే సత్తా తగ్గిపోవడం రేడియో తరంగాల లక్షణం. 850, 900 మెగాహెర్ట్జ్‌ తరంగాలు ఇటుక గోడను దాటి ఎంతోకొంత లోపలికి వస్తాయి. మన దేశంలో 4జీకి వాడే 2300 మెగాహెర్ట్జ్‌, 5జీకి వాడే 3300 మెగాహెర్ట్జ్‌ పై తరంగాల దగ్గరికి వచ్చేసరికి మందపాటి కాంక్రీటు, స్లాబులోని ఇనుప చువ్వలు, అద్దాల మీది లోహపు పూత వాటిని బాగా నీరసపరుస్తాయి. సెల్లార్లలో, లిఫ్టుల్లో, పెద్దాసుపత్రుల లోపలి వార్డుల్లో ఫోన్‌ మూగబోయేది అందుకే.

మన్యంలో ఇబ్బంది మరో రకం. పాడేరు, మారేడుమిల్లి ఘాట్లలో కొండే అడ్డం. ఒక మలుపులో వచ్చిన సిగ్నల్‌ మరో మలుపు తిరిగేసరికి పోతుంది. నాలుగు గడపల గూడెం కోసం టవరు కట్టి, కరెంటు లాగి, జనరేటరుకు డీజిల్‌ మోసి నడపడం ఏ కంపెనీకీ గిట్టుబాటు కాదు. అందుకే ‘మా ఊరికి టవరెప్పుడు’ అనే అర్జీ ఏళ్ల తరబడి కాగితాల్లోనే ఉండిపోతుంది.

ఈ రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే. మాట్లాడుకోవడానికి నిజంగా టవరే కావాలా? అక్కర్లేదు. కావాల్సింది ఒక దారి. అది ఇంటి గోడ దాకా వచ్చిన ఫైబర్‌ తీగ కావచ్చు, ఒక కొండ మీంచి మరో కొండ మీదికి వేసిన రేడియో లింకు కావచ్చు. అక్కడి నుంచి ఫోన్‌ దాకా ఉన్న చివరి నాలుగడుగులు వైఫై మోస్తుంది. అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. రౌటర్‌ దీపాలు వెలిగినంత మాత్రాన ఇంటర్నెట్‌ ఉన్నట్టు కాదు. వైఫై ఇంటి లోపలి దారి మాత్రమే. దాని వెనక తీగ తెగితే, ఫోన్‌లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తున్నా కాల్‌ కదలదు.

పుట్టిందే వైఫై మీద

సిగ్నల్‌ లేకుండా వీడియో కాల్‌ అంటే ఇప్పుడు చాలామందికి చిట్కాలా అనిపిస్తుంది. నిజానికి స్మార్ట్‌ఫోన్‌ వీడియో కాల్‌ జనంలోకి వచ్చిందే వైఫై మీద. 2010 జూన్‌లో యాపిల్‌ ఐఫోన్‌ 4తో పాటు ఫేస్‌టైమ్‌ను తెచ్చినప్పుడు అది వైఫై ఉంటేనే పనిచేసేది. శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద స్టీవ్‌ జాబ్స్‌ ఆ కొత్త ఫోన్‌ చూపిస్తుండగా వెబ్‌ పేజీలు తెరుచుకోక ఇబ్బంది ఎదురైంది. హాలు నిండా జనం తెచ్చుకున్న సొంత వైఫై పరికరాలు వందల్లో పనిచేస్తూ గాలిలో గలాటా సృష్టిస్తున్నాయి. వాటిని కట్టేయమని ఆయన వేదిక మీంచే అడగాల్సి వచ్చింది. ఆ తర్వాతే సహచరుడు జోనీ ఐవ్‌కు తొలి ఫేస్‌టైమ్‌ కాల్‌ చేసి చూపించారు. మొబైల్‌ డేటా మీద ఫేస్‌టైమ్‌ నడవడానికి 2012 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. 

ఆ వైఫై వెనక ఇంకా పాత చరిత్ర ఉంది. 1985లో అమెరికా కొన్ని రేడియో తరంగాలను లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. ఆ ఖాళీ జాగాలోనే వైఫై మొలిచింది. 1997లో వచ్చిన తొలి ప్రమాణం వేగం సెకనుకు 2 మెగాబిట్లే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌ తరంగాలకు 2005లో లైసెన్సు బాధ తప్పింది. 5 గిగాహెర్ట్జ్‌ను 2018లో విశాలంగా తెరిచారు. కంప్యూటర్లలో స్కైప్‌ 2003లో మాటతో మొదలై 2006 నాటికి బొమ్మను కూడా చేర్చుకుంది. 2016 నవంబరులో వాట్సాప్‌ వీడియో కాల్‌ను తెచ్చాక ఆ సంగతి ఊరూరికీ పాకింది. స్కైప్‌ 2025 మేలో సెలవు తీసుకుంది. అది నేర్పిన అలవాటు మాత్రం ప్రతి ఇంట్లో ఉండిపోయింది.

బటన్‌ నొక్కిన క్షణంలో...

వీడియో గుర్తు మీద వేలు పెట్టగానే ఫోన్‌ లోపల జరిగే పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 720పీ నాణ్యతతో కెమెరా సెకనుకు 30 చిత్రాలు తీస్తుందనుకుందాం. ఒక్కో చిత్రంలో 9 లక్షల పైచిలుకు చుక్కలు. ఉన్నదున్నట్టు పంపాలంటే సెకనుకు దాదాపు 330 మెగాబిట్లు కావాలి. మామూలు ఇంటి కనెక్షన్‌ దాన్ని మోయలేదు. అందుకే ఫోన్‌ తెలివిగా పనిచేస్తుంది. వెనక గోడ, దాని మీది క్యాలెండరు కదలవు కాబట్టి వాటిని పదేపదే పంపదు. కదిలిన పెదవులు, ఊగిన చేయి... మారిన మేరకే లెక్కగట్టి పంపుతుంది. 2003లో వచ్చిన హెచ్‌.264, ఆ తర్వాతి పద్ధతులు ఈ పనే చేస్తాయి. అలా కుదించాక సెకనుకు ఒకటి, ఒకటిన్నర మెగాబిట్‌ సరిపోతుంది. మాటకైతే అంత కూడా అక్కర్లేదు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్‌ అనే పద్ధతి సెకనుకు 6 కిలోబిట్ల నుంచే గొంతును మోయగలదు. నెట్‌ నీరసించినప్పుడు బొమ్మ బిగుసుకుపోయినా మాట వినిపిస్తూనే ఉండటానికి ఇదే కారణం.

ఇక అవతలి ఫోన్‌ను వెతికి పట్టుకోవడం. ఇంట్లో ఫోన్లన్నీ రౌటర్‌ చాటున ఉంటాయి. బయటి ప్రపంచానికి వాటి చిరునామా నేరుగా తెలియదు. ఇక్కడ యాప్‌ కంపెనీ సర్వర్‌ పెళ్లిళ్ల పేరయ్య పాత్ర పోషిస్తుంది. ఇటు వివరాలు అటు, అటు వివరాలు ఇటు చెప్పి ఇద్దరినీ కలుపుతుంది. వీలు కుదిరితే ఆ తర్వాత తాను తప్పుకొంటుంది, రెండు ఫోన్లూ నేరుగా మాట్లాడుకుంటాయి. వీలు కాకపోతే ఆ సంభాషణ మధ్యలో మరో సర్వర్‌ మీదుగా సాగుతుంది. వాట్సాప్‌ లాంటి వాటిలో మాట, బొమ్మ రెండూ బయల్దేరే ముందే గుప్తలిపిలోకి మారిపోతాయి కాబట్టి మధ్యలో ఉన్నవారు విప్పి చూడలేరు.

దూరం సంగతీ ఉంది. హైదరాబాద్‌ నుంచి డాలస్‌కు భూమి ఉపరితలం మీదుగా సుమారు 14 వేల కిలోమీటర్లు. గాజుపోగులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే దారి సూటిగా ఉన్నా 70 మిల్లీసెకన్లు తప్పవు. సముద్ర గర్భంలోని కేబుళ్లు చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపుంటే మాటకు మాట సహజంగా అందుతుందని అంతర్జాతీయ టెలికాం సమాఖ్య చెబుతుంది. అది దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగిపోవడం మొదలవుతుంది. పెద్దవాళ్లు ‘వీడు నా మాట వినడం లేదు’ అనుకునేది అలాంటప్పుడే. ఒక్క క్షణం ఆగి మాట్లాడితే చాలు, సర్దుకుంటుంది.

దారులు రెండు

వైఫై మీద కాల్‌ చేయడానికి రెండు పద్ధతులున్నాయి. చాలామందికి మొదటిదే తెలుసు. వాట్సాప్‌, గూగుల్‌ మీట్‌, ఫేస్‌టైమ్‌, సిగ్నల్‌, టెలిగ్రామ్‌ లాంటి యాప్‌లు. సాధారణంగా ఇద్దరి దగ్గరా అదే యాప్‌ ఉండాలి. మొదట ఒక్కసారి ఖాతా నమోదైతే, ఆ తర్వాత టవరుతో పని లేకుండా నెట్‌ మీదే నడుస్తాయి.

రెండోది వైఫై కాలింగ్‌. ఎయిర్‌టెల్‌ దీన్ని 2019 డిసెంబరులో మొదలుపెట్టింది, 2020 జనవరిలో జియో దేశమంతటా తెచ్చింది. ఇందులో ఏ యాప్‌తోనూ పని లేదు. ఫోన్‌ మన ఇంటి ఇంటర్నెట్‌ మీదుగా టెలికాం కంపెనీ ద్వారం దాకా భద్రమైన సొరంగం లాంటి దారి వేసుకుంటుంది. సిమ్‌ లోని రహస్య సంకేతంతో ‘నేనే’ అని రుజువు చేసుకుంటుంది. అప్పట్నుంచి మన మామూలు నంబరు మామూలుగానే మోగుతుంది. డబ్బా ఫోన్‌కూ, ల్యాండ్‌లైన్‌కూ చేసుకోవచ్చు. చాలా ఫోన్లలో ఎస్సెమ్మెస్‌లు కూడా ఈ దారినే వస్తాయి. అంటే సిగ్నల్‌ రాని గదిలో కూర్చుని బ్యాంకు ఓటీపీ అందుకోవచ్చు. ఇన్ని లాభాలున్న ఈ సదుపాయం కోట్ల ఫోన్లలో సెట్టింగ్స్‌ అడుగున ఉండిపోయింది. దానికి అదనపు ఛార్జీ ఉండదు, ప్లాన్‌లోని నిమిషాలే లెక్క. సిమ్‌ సెట్టింగ్స్‌లో ‘వైఫై కాలింగ్‌’ మీట ఒక్కటి నొక్కితే డాబా మెట్లెక్కే పని చాలావరకు తప్పుతుంది. పండక్కి ఊరెళ్లిన పిల్లలు అమ్మానాన్నల ఫోన్‌లో ముందుగా చేయాల్సిన పని ఇదే.

తేని నేర్పిన పాఠం

టవరు కోసం ఎదురుచూడకుండా వైఫైతోనే ఊళ్లను కలిపిన గట్టి ఉదాహరణ పక్కనే తమిళనాడులో ఉంది. 1976లో డాక్టర్‌ జి.వెంకటస్వామి మదురైలో మొదలుపెట్టిన అరవింద్‌ కంటి ఆసుపత్రికి తేనిలో ఓ శాఖ ఉంది. చుట్టుపక్కల పల్లెల వారికి కంటి పరీక్ష అంటే కూలి మానుకుని, బస్సెక్కి, రోజంతా పోగొట్టుకోవడమే. అప్పటికి ఆ పల్లెల్లో పనికొచ్చే ఇంటర్నెట్‌ లేదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌ ఎరిక్‌ బ్రూయర్‌ బృందం, అరవింద్‌ వారు కలిసి 2000ల మధ్యలో దీనికి మార్గం కనిపెట్టారు.

మామూలు వైఫై ఇంటి గోడల మధ్య నడవడానికి చేసింది. పంపిన ప్రతి ముక్కకూ ‘అందింది’ అనే జవాబు మైక్రోసెకన్లలో రావాలి. కిలోమీటర్ల దూరంలో ఆ జవాబు ఆలస్యమవుతుంది. దాంతో రేడియో ‘పోయింది’ అనుకుని మళ్లీ మళ్లీ పంపి, ఉన్న వేగాన్ని కూడా తినేస్తుంది. బర్క్‌లీ బృందం ఆ లెక్కను మార్చింది. రెండు చివరలా వంతులవారీగా మాట్లాడే పద్ధతి పెట్టి, ఒకదానికొకటి సూటిగా కనిపించేలా స్తంభాల మీద యాంటెనాలు కట్టింది. చవకైన వైఫై కార్డులే కిలోమీటర్ల దూరాన వీడియోను మోశాయి. పల్లెలోని చిన్న కంటి పరీక్షా కేంద్రంలో (విజన్‌ సెంటర్‌) పనిచేసే శిక్షణ పొందిన అమ్మాయి, రోగి గడ్డాన్ని స్లిట్‌ ల్యాంప్‌ అనే పరికరానికి ఆనించి కన్ను పరీక్షిస్తుంది. వివరాలు తేనికి వెళ్తాయి. తెర మీద డాక్టరు రోగిని పేరుపెట్టి పలకరించి, ఎక్కడ నొప్పో, ఎప్పట్నుంచో అడుగుతారు. కళ్లద్దాలు చాలునా, ఆపరేషన్‌ కావాలా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. ఆసుపత్రికి వెళ్లాల్సింది నిజంగా అవసరమైనవారే.

అప్పటి తెర కంప్యూటర్‌ది. ఇప్పుడు అంతకన్నా మంచి కెమెరా ఆశా కార్యకర్త చేతిలో ఉంది. వైఫై ఎంత దూరం పోగలదో 2007లో వెనెజువెలాలో ఎర్మానో పియెట్రోసెమోలి బృందం చూపించింది. రెండు పర్వత శిఖరాల మధ్య 382 కిలోమీటర్లు! మన మన్యం గూడేల మధ్య దూరాలు దాని ముందు ఏపాటి?

మన దగ్గరా దారులు పడుతూనే ఉన్నాయి. గ్రామ పంచాయతీలకు ఫైబర్‌ వేసే పథకానికి కేంద్రం 2011లో ఆమోదం తెలిపింది. అదే నేటి భారత్‌నెట్‌. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్‌ కోవింద్‌ ఆంధ్రప్రదేశ్‌ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. తీగను పాతిపెట్టకుండా కరెంటు స్తంభాల మీదుగా లాగడంతో ఖర్చు, కాలం రెండూ కలిసొచ్చాయి. తెలంగాణలో టీ-ఫైబర్‌ ఇదే పని చేస్తోంది. ఆరోగ్య కేంద్రం నుంచే పెద్ద డాక్టరుకు చూపించుకునే ఈ-సంజీవనిని వాడుకోవడంలో ఆంధ్రప్రదేశ్‌ దేశంలో ముందువరుసలో నిలిచింది. దారి పడితే జనం వాడుకుంటారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

గల్ఫ్‌ గదుల్లో...

జగిత్యాల, నిజామాబాద్‌, సిరిసిల్ల, కోనసీమ, కడప... ఈ పేర్లు వింటే గల్ఫ్‌ గుర్తొస్తుంది. అక్కడి క్యాంపుల్లో గదికి ఆరుగురు, ఎనిమిదిమంది కలిసి ఒక వైఫై కనెక్షన్‌ డబ్బు పంచుకుంటారు. డ్యూటీ దిగాక అందరూ ఒకేసారి ఇంటికి చేస్తే బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది. అది చాలదన్నట్టు యూఏఈలో వాట్సాప్‌, ఫేస్‌టైమ్‌ కాల్స్‌ పనిచేయవు. సందేశం వెళ్తుంది, ఫొటో వెళ్తుంది, కాల్‌ మాత్రం కలవదు. బోటిమ్‌ లాంటి అనుమతి ఉన్న యాప్‌లే దిక్కు. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్‌ కాల్స్‌పై నిషేధం ఎత్తేసింది. రియాద్‌లో ఉన్న తండ్రికి ఇంటర్నెట్‌ కాల్‌లో బిడ్డను చూసుకోవడం కొంత తేలిక, దుబాయ్‌లో ఉన్న తండ్రి వేరే దారి వెతుక్కోవాలి. కడుపు కట్టుకుని సంపాదించేవాడికి బిడ్డ మొహం చూసుకునే హక్కు ఏ దేశంలో ఉన్నా ఒకేలా ఉండాలి. వలస కార్మికుల గురించి ప్రభుత్వాలు మాట్లాడుకునేటప్పుడు జీతం, వీసాలతో పాటు ఈ మాటా బల్ల మీదికి రావాలి.

ఇంట్లో ఇవి చూసుకోండి

- రౌటర్‌ను ఇనుప బీరువా వెనక, టీవీ చాటున, నేల మీద పెట్టొద్దు. ఇనుము తరంగాలను తిప్పికొడుతుంది. ఇంటి మధ్యలో, తల ఎత్తులో ఉంచండి.
- రెండు గదుల అవతలికైతే 2.4 గిగాహెర్ట్జ్‌ మేలు. రౌటర్‌ ఉన్న గదిలోనే మాట్లాడితే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి, బొమ్మ నిలకడగా ఉంటుంది. మైక్రోవేవ్‌ ఓవెన్‌ కూడా 2.4 దగ్గరే పనిచేస్తుంది. అది తిరుగుతున్నప్పుడు కాల్‌ తడబడితే కారణం అదే కావచ్చు.
- మన మొహం అవతలివారికి సరిగా కనిపించాలంటే అప్‌లోడ్‌ వేగం బాగుండాలి. కనెక్షన్‌ తీసుకునేటప్పుడు దాని గురించీ అడగండి.
- కరెంటు పోతే రౌటర్‌, దాని పక్కనున్న ఫైబర్‌ డబ్బా రెండూ ఆగిపోతాయి. ఇన్వర్టర్‌ లైనుకు కలపండి, లేదా రౌటర్‌ కోసం దొరికే చిన్న యూపీఎస్‌ పెట్టుకోండి.
- సిగ్నల్‌ అసలే లేని చోట ఎయిర్‌ప్లేన్‌ మోడ్‌ వేసి వైఫై మాత్రం ఆన్‌ చేయండి. ఫోన్‌ టవరు కోసం వెతుకుతూ బ్యాటరీ ఖాళీ చేసుకోదు.

మిగిలిన గేట్లు

సాంకేతికంగా దారి ఉంది. దాని మీద అక్కడక్కడా గేట్లున్నాయి. మొదటిది ఓటీపీ. రైల్వే స్టేషన్లలో వైఫై కావాలంటే ఫోన్‌ నంబరుకు వచ్చే ఓటీపీ కొట్టాలి. సిగ్నల్‌ లేకనే వైఫై వెతుక్కునే మనిషికి ఎస్సెమ్మెస్‌ ఎలా వస్తుంది? 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి కింద టీ కొట్టు, కిరాణా కొట్టు కూడా వైఫై పంచవచ్చు. ఇలాంటి అన్ని చోట్లా ఓటీపీకి బదులు మరో పద్ధతి కూడా ఉండాలి.

రెండోది సిమ్‌. మెసేజింగ్‌ యాప్‌లు నమోదు చేసిన సిమ్‌ ఆ ఫోన్‌లో ఉంటేనే పనిచేసేలా చూడాలని టెలికాం శాఖ 2025 నవంబరులో కంపెనీలను ఆదేశించింది. మోసగాళ్ల ఆట కట్టించాలన్నది దాని ఉద్దేశం. పాత ఫోన్‌లో సిమ్‌ తీసేసి, వైఫై మీద వాట్సాప్‌ నడుపుకొనే పెద్దలున్న ఇళ్లు దీన్ని గమనించి సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచడం మంచిది.

మూడోది ఆపద వేళ. వాట్సాప్‌ నుంచి 112కు కాల్‌ వెళ్లదు. మన కంపెనీ సిగ్నల్‌ లేకున్నా, వేరే కంపెనీ టవరు అందుబాటులో ఉంటే ఫోన్‌ డయలర్‌ నుంచి 112కు ప్రయత్నించవచ్చు. ఏ టవరూ అందని ఇంట్లో వైఫై కాలింగ్‌ ఆన్‌లో ఉంటే, కనీసం 108 అంబులెన్సుకు చెప్పమని పొరుగూరి బంధువుకైనా ఫోన్‌ చేయవచ్చు. నాలుగోది మోసం. యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో ‘డిజిటల్‌ అరెస్ట్‌’ అని బెదిరించేవాడు దొంగే. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. కాల్‌ కట్‌ చేసి 1930కి ఫిర్యాదు చేయండి.

తీగ వచ్చిన ప్రతి ఊళ్లో ఆరోగ్య కేంద్రం, బడి, పంచాయతీ ఆఫీసు... ఈ మూడు చోట్ల కరెంటు పోయినా ఆగని వైఫై ఉంటే, టవరు లేని గూడేనికి కూడా డాక్టరు, టీచరు, దూరాన ఉన్న కొడుకు అందుబాటులోకి వస్తారు. దీనికి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. తేనిలో ఇరవై ఏళ్ల కిందటే చేసి చూపించారు. టవరు కోసం పెట్టే అర్జీని ఆపొద్దు. దాంతో పాటు, ఇప్పటికే స్తంభాల మీదుగా ఊళ్లోకి వచ్చిన ఫైబర్‌ను ఆ మూడు గడపలకూ ఎప్పుడు కలుపుతారో వచ్చే గ్రామసభలో అడగండి. సమాధానాన్ని తీర్మానంగా రాయించండి.